ఎర్ర వైన్‌లో వగరు ఎక్కడ? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎర్ర వైన్ రుచి చూడడంపై సందేహాలు పంపమంటే తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ద్రాక్ష చుట్టూ తిరిగాయి. అదే పినో న్వార్. (చివరి ‘ర్’ని ఫ్రెంచివాళ్లు గొంతులోనే సగం మింగేస్తారు. మనం పలికినా తప్పేం లేదు.) మన రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండి ఉండాలి. ఈ జవాబులన్నీ ఆ వయసు దాటినవాళ్లకే.

మా అల్లుడు అమెరికా నుంచి వస్తా పినో న్వార్ సీసా తెచ్చినాడు. గ్లాసులో పోస్తే దానిమ్మ రసం మాదిరి పలచగా ఉండాది. అవతల పెట్టిన వేలు కనపడతాంది. నాసిక్ షిరాజ్ అయితే నల్లగా, చిక్కగా ఉంటాది కదా. ఇది నీళ్లు కలిపిన సరుకా? – రేణిగుంట పాఠకుడు

కాదండీ. అది అలాగే ఉండాలి. ద్రాక్ష గుజ్జుకు దాదాపు రంగే ఉండదు. ఎర్ర వైన్‌కు రంగంతా తొక్క నుంచి దిగుతుంది. పినో తొక్క పలచన, అందులో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థమూ తక్కువ. షిరాజ్ తొక్క మందం, రంగు దండి. నేరేడు రసం పక్కన దానిమ్మ రసం పెట్టి దానిమ్మలో నీళ్లు కలిపారనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఇంకో మాట: ఈ నల్ల ద్రాక్షనే నెమ్మదిగా పిండి, తొక్కను వెంటనే వేరు చేస్తే తెల్లటి రసం వస్తుంది. షాంపేన్ తయారీలో వాడే ముఖ్యమైన ద్రాక్షల్లో ఇదొకటి.

రంగు చూసే పద్ధతి ఇది. గ్లాసులో 50 నుంచి 60 మిల్లీలీటర్లు పోయండి, అంతకు మించొద్దు. తెల్ల కాగితం మీద గ్లాసును బాగా వంచి పైనుంచి చూడండి. కాగితం మీద అచ్చక్షరాలుంటే పినోలోంచి చదవగలగాలి. అంచు దగ్గర రంగు గమనించండి. గులాబీ కలిసిన ఎరుపైతే లేత వైన్. ఇటుక రంగు తిరిగితే వయసొచ్చింది. రెండు మూడేళ్ల వైనే ఇటుక రంగులోకి, గోధుమ రంగులోకి పోయిందంటే ఎండకో గాలికో చెడిందని అనుమానించాలి. రంగు పలచనైనంత మాత్రాన వైన్ బలహీనం కాదు. పినోలో ఆల్కహాల్ మామూలుగా 12.5 నుంచి 14 శాతం దాకా ఉంటుంది, చూపుకు తేలిగ్గా కనిపించి తలకు బాగానే ఎక్కుతుంది.

గ్లాసు గోడల మీద చారలుగా జారే ‘కన్నీళ్ల’ గురించి కూడా ఈ పాఠకుడే అడిగారు. అవి ఆల్కహాల్ ఎంతుందో చెబుతాయి, నాణ్యత గురించి ఏమీ చెప్పవు.

ఎర్ర వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, రూం టెంపరేచర్‌లోనే తాగాలంటారు. నిజమేనా? – బైరాగిపట్టెడ, తిరుపతి

ఆ మాట పుట్టింది చలిదేశాల రాతి గోడల ఇళ్లలో. అక్కడ గది అంటే 16, 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో తిరుపతి గది 34 డిగ్రీలు. ఆ వేడిలో ఆల్కహాల్ ఆవిరి ముక్కుకు ముందు తగిలి పండు వాసనను కప్పేస్తుంది. పులుపు మందగించి వైన్ చప్పగా, ఉడికిన జామ్‌లా అనిపిస్తుంది. ‘పినో బాగోలేదు’ అని రాసిన ఉత్తరాలు చాలావరకు ఈ వేడి ఖాతాలోకే వస్తాయని మా అభిప్రాయం.

పినోకు సరైన వేడి 13 నుంచి 16 డిగ్రీలు. షిరాజ్, కాబర్నే సావిన్యోన్ లాంటి చిక్కటి ఎర్ర వైన్లయితే 16 నుంచి 18. గది వేడిలో ఉన్న నిండు సీసా మామూలు ఫ్రిజ్‌లో ఆ స్థాయికి దిగడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాను మెడదాకా ముంచండి. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఉత్త ఐసు వేస్తే ముక్కల మధ్య గాలి మిగిలి చల్లదనం సీసాకు సరిగ్గా అంటదు, నీళ్లు తప్పనిసరి. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే కార్కు పైకి తోసుకొస్తుంది. వంటింటి డిజిటల్ థర్మామీటరు ఉంటే గ్లాసులో ముంచి చూసుకోండి. మన గదిలో గ్లాసు ఊరికే వేడెక్కుతుంది కాబట్టి 12, 13 దగ్గరే పోసి, కొంచెం కొంచెంగా పోసుకోవడం మేలు.

మరీ చల్లగా, ఫ్రిజ్‌లోంచి తీసిన 5 డిగ్రీల దగ్గర తాగినా తప్పే. వాసన ముడుచుకుపోతుంది, వగరు పదునెక్కుతుంది. అలా అనిపిస్తే గ్లాసును రెండు అరచేతుల్లో ఐదు నిమిషాలు పట్టుకోండి.

‘చెర్రీ, రాస్‌బెర్రీ, అడవి నేల’ అని సీసా వెనక రాసుంటుంది. రాస్‌బెర్రీ నేను కంటితో కూడా చూడలేదు. నాకు ఏ వాసనా రావడం లేదు. ముక్కు పనిచేయడం లేదా? – పలమనేరు పాఠకురాలు

ముక్కు బాగానే ఉందమ్మా, చూడని పండు పేరు దానికి ఎక్కడ దొరుకుతుంది? ఎవరి ముక్కయినా తనకు తెలిసిన వాసనకే పేరు పెడుతుంది. మీ వంటింట్లోంచే మొదలుపెట్టండి. చిన్న చిన్న గిన్నెల్లో ఇవి విడివిడిగా పెట్టి మూతలు వేయండి: నలిపిన దానిమ్మ గింజలు, నేరేడు పండు, చలికాలంలో బజారుకొచ్చే స్ట్రాబెర్రీ ఒకటి, ఎండిన గులాబీ రేకులు, రెండు లవంగాలు, తడిపిన ఎర్రమట్టి పిడికెడు, పుట్టగొడుగు ముక్కలు. కళ్లు మూసుకుని ఒక్కోటి వాసన చూసి పేరు చెప్పండి, వేరే ఎవరైనా గిన్నెలు మార్చి ఇస్తుంటే ఇంకా మంచిది. వారం రోజులు చేశాక వైన్ దగ్గరికి రండి.

లేత పినోలో ముందు ఎర్ర పండ్ల వాసన వస్తుంది, అంటే స్ట్రాబెర్రీ, చెర్రీ, మన దానిమ్మ వైపు. ఓక్ పీపాలో ఉంచినదైతే లవంగం, కాస్త వనిల్లా, పొగ. ఏళ్లు గడిచిన సీసాలో పండు వెనక్కి తగ్గి పుట్టగొడుగు, ఎండుటాకులు, తోలు ముందుకొస్తాయి. ‘అడవి నేల’ అన్నది దీన్నే. తొలకరి పడ్డాక మామిడి తోటలో రాలిన ఆకుల కింద వచ్చే వాసన మీకు తెలుసు కదా, దానికి దగ్గరి చుట్టం.

గ్లాసు తిప్పకుండానే ఒకసారి వాసన చూడండి. పినో వాసన సున్నితం, మొదట్లో తేలేవి తిప్పగానే పోతాయి. తర్వాత గ్లాసు అడుగును బల్ల మీదే ఉంచి ఐదారుసార్లు గుండ్రంగా తిప్పి మళ్లీ చూడండి. గట్టిగా ఒకే పీల్పు కాదు, చిన్న చిన్నవి రెండు మూడు. ముక్కు అలిసిపోతే మీ మోచేతి మడత వాసన చూసుకోండి, సర్దుకుంటుంది. తలలో మల్లెపూలు, గదిలో సాంబ్రాణి, పక్క గ్యాసు మీద పోపు – వీటిలో ఏ ఒక్కటున్నా ఆ రోజు రుచి చూడడం వాయిదా వేయండి. గంట ముందు నుంచి ఊరగాయ, తాంబూలం, కాఫీ వద్దు.

గ్లాసు విషయానికొస్తే పొట్ట వెడల్పుగా, మూతి కాస్త ముడుచుకున్నది కావాలి, వాసన లోపల నిలబడేందుకు. స్టీలు గ్లాసు వైన్‌కు హాని చేయదు, కానీ రంగు కనపడదు, వాసన నిలవదు. కాడ ఉన్న గ్లాసు లేకపోతే సన్నటి గాజు టంబ్లరు స్టీలుదానికంటే నయం.

పులుపు వేరు, వగరు వేరు అంటారు. నోట్లో పోసుకుంటే రెండూ కలగాపులగం అవుతున్నాయి. ఎట్లా విడదీయాలి? – చిత్తూరు పాఠకుడు

ఇంగ్లీషువాడికి వైన్ నేర్పేటప్పుడు మాస్టార్లు తిప్పలు పడేది సరిగ్గా ఇక్కడే. వాళ్ల రుచుల జాబితాలో వగరుకు చోటే లేదు. మనకు షడ్రుచుల్లో అదొకటి, ఉగాది పచ్చడిలో మామిడి పిందె వేసేదే దానికి. తెలుగు నాలుక ఈ పాఠంలో సగం చదువుకునే వచ్చింది.

నిజానికి వగరు నాలుకకు తెలిసే రుచి కంటే నోటికి తెలిసే స్పర్శ. ద్రాక్ష తొక్కలో, గింజలో టానిన్ ఉంటుంది. అది లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటుంది. నోట్లో జారుడు పోయి చిగుళ్ల మీద నాలుక గీరుకుంటుంది. పచ్చి అరటికాయ, వక్క, సరిగ్గా మాగని నేరేడు చేసే పని అదే. పులుపు దీనికి ఎదురు: దవడల పక్క నుంచి నీళ్లూరిస్తుంది.

వైన్ ఖర్చు లేకుండా అభ్యాసం చేయండి. 200 మిల్లీలీటర్ల మరిగే నీళ్లలో రెండు చెంచాల టీ పొడి వేసి పాలు, చక్కెర లేకుండా మూడు నిమిషాలకు ఒక కప్పు, ఐదు నిమిషాలకు ఒకటి, పది నిమిషాలకు ఒకటి వడగట్టి చల్లార్చండి. ఇవి వగరు మెట్లు. ఇంకో 200 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో అర చెంచా నిమ్మరసం, వేరే గ్లాసులో ఒక చెంచా. ఇవి పులుపు మెట్లు. వరుసగా తాగి ఉమ్మండి. తర్వాత మూడో మెట్టు టీలో అర చెంచా నిమ్మరసం పిండండి. రెండూ ఒకదాన్నొకటి ఎలా పెంచుకుంటాయో తెలుస్తుంది. చివర్లో అదే టీలో చిటికెడు ఉప్పు వేసి చూడండి: వగరు, చేదు మెత్తబడతాయి. తిండి విషయంలో ఈ సంగతి పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక వైన్. ఒక గుటక, అంటే 10, 15 మిల్లీలీటర్లు నోట్లోకి తీసుకుని, పెదవులు కొంచెం తెరిచి, వేడి కాఫీని జుర్రినట్టు గాలి లోపలికి లాగండి. (ఇంకెక్కడైనా జుర్రితే పెద్దలు కసురుతారు, ఇక్కడ మాత్రం అదే పద్ధతి.) పది సెకన్లు నోరంతా తిప్పి ఉమ్మండి. ఇప్పుడు తల కాస్త దించి నోరు కదపకుండా ఆగండి. నీళ్లు ఎంత ఊరితే అంత పులుపు. ఆ తర్వాత నాలుకను పై చిగుళ్ల మీద రాయండి. ఎంత గీరుకుంటే అంత వగరు. ఈ క్రమంలో చేస్తే రెండూ కలవవు. ఆఖర్న రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టుకోండి.

పినోలో పులుపు బాగా కనిపిస్తుంది, వగరు తక్కువ, ఉన్నది కూడా సన్నం. వెంకటగిరి నూలు చీరను చేత్తో తడిమితే ఎలా ఉంటుందో అలా. లేత కాబర్నే గోనెపట్టాను తడిమినట్టు. పినో చేతికొచ్చినప్పుడు ‘ఎంత ఘాటుగా ఉంది’ అని చూసేవాళ్లకు నిరాశ తప్పదు. చూడాల్సింది ఆ నూలు నేతను.

మాట వచ్చింది కాబట్టి: రుచి చూసేటప్పుడు ఉమ్మడానికి సిగ్గుపడొద్దు. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్లు మింగితే 15 గ్రాములకు పైగా ఆల్కహాల్ లోపలికి పోయినట్టు. నాలుగు రకాలు మింగి చూసినవాడు అయిదోదాని గురించి చెప్పే మాటకు విలువ లేదు. బండి నడపాల్సినవాళ్లు మింగనే కూడదు.

రాగి సంగటి, నాటుకోడి పులుసుతో పినో కుదురుతుందా? – పుంగనూరు

మన కారం మన కారంలాగే ఉంటే, కుదరదు. మిరపలోని కాప్సైసిన్ నోట్లో వేడిని గుర్తించే నాడుల్ని రేపుతుంది. ఆల్కహాల్ అవే నాడుల్ని ఇంకా ఎగదోస్తుంది. మంట రెట్టింపవుతుంది, వైన్‌లో పండు రుచి మాయమై చేదు మిగులుతుంది. టానిన్ ఎక్కువున్న వైన్ అయితే ఇంకా అన్యాయం. ఎర్ర వైన్లలో కారాన్ని కాస్తయినా భరించేవాటిలో పినో ఒకటి. తాగాలనే ఉంటే 12.5 శాతానికి మించనిది ఎంచుకోండి, 12 డిగ్రీలకు చల్లబరచండి, పులుసులో మిరపపొడి సగానికి తగ్గించి ధనియాలు, గసగసాలు పెంచండి. సంగటి మీద నెయ్యి వేయడం ఇక్కడ అక్కరకొస్తుంది: కొవ్వు మంటను కొంత తనలోకి లాక్కుంటుంది.

నిజంగా జత కుదిరేవి వేరే ఉన్నాయి. మిరియాలు తక్కువేసిన పుట్టగొడుగుల వేపుడు మొదటిది, ఎందుకంటే వయసొచ్చిన పినోలోనూ అదే వాసన. ఉలవచారు రెండోది, చింతపండు తగ్గిస్తే. సన్నటి సెగ మీద మెత్తగా ఉడికిన పొట్టేలు మాంసం, అల్లం, ఉల్లి, ధనియాలతో. శాకాహారులకు వేరుశనగ, నువ్వుల ముద్ద పెట్టిన గుత్తివంకాయ బావుంటుంది. మదనపల్లె టమాటాతో చేసిన పప్పూ ఫరవాలేదు, పినో పులుపు దానికి తట్టుకుంటుంది. చింతపండు పులిహోర, గోంగూర మాత్రం వద్దు. తిండి పులుపు వైన్ పులుపును మించితే వైన్ నీళ్లయిపోతుంది. చేపల్లో కొవ్వు చేపలు ఎర్ర వైన్‌తో నీచు కొడతాయి. వైన్‌లోని ఇనుము చేప కొవ్వుతో కలిసి ఆ వాసన పుట్టిస్తుంది. తీపితో అసలే కాదు.

ఫ్రాన్స్ సీసా మీద పినో న్వార్ అని ఎక్కడా రాయలేదు. మోసమా? – కార్వేటినగరం

మనం బజారులో ‘బంగినపల్లి కిలో ఎంత’ అంటాం, పక్కన ‘మామిడి’ అని చేర్చం. ఊరి పేరే పండు పేరైంది. ఫ్రాన్స్‌లోని బర్గండీ సీమలో కూడా అంతే: లేబుల్ మీద ఊరే ఉంటుంది, ఎర్ర బర్గండీ అంటే దాదాపు ఎప్పుడూ పినోయే. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ద బోల్డ్ తన సీమలో గామే అనే ద్రాక్షను పీకేయమని ఆజ్ఞ ఇచ్చిననాటి నుంచీ అక్కడ పినోదే పెద్దపీట.

మెట్లు ఇలా చదవండి. ‘బూర్గోన్య్’ (బర్గండీకి ఫ్రెంచి పేరు) అని మాత్రమే ఉంటే ఆ సీమ మొత్తంలో ఎక్కడి ద్రాక్షయినా కావచ్చు. ఆపైన ఊరి పేరు. ఆపైన ఊరి పేరుతో పాటు ‘ప్రెమియర్ క్రూ’. అన్నిటికన్నా పైన ‘గ్రాండ్ క్రూ’, ఇక్కడ ఊరి పేరు కూడా ఉండదు, తోట పేరే. తిరకాసు ఒకటుంది: ‘షాంబెర్తాన్’ గ్రాండ్ క్రూ తోట, ‘జెవ్రే షాంబెర్తాన్’ ఊరు. 1847లో జెవ్రే ఊరివాళ్లు తమ గొప్ప తోట పేరును ఊరి పేరు వెనక తగిలించుకున్నారు. పేరు పొడుగైనకొద్దీ వైన్ గొప్పదనుకోవద్దు. మొదటి సీసాకు ఇవేవీ అక్కర్లేదు. న్యూజిలాండ్ సెంట్రల్ ఒటాగో, అమెరికాలో ఒరెగాన్ విలామెట్ లోయ – వీటి లేబుళ్ల మీద ద్రాక్ష పేరు స్పష్టంగా ఉంటుంది. జర్మన్ సీసా మీద ‘స్పేట్‌బుర్గుండర్’ అనుంటే అదీ ఇదే ద్రాక్ష.

తెరిచిన సీసా గోనెసంచి వాసన కొడితే? కోడిగుడ్డు కుళ్లిన వాసనైతే? అడుగున గాజుపొడిలాంటిది ఉంటే? – ముగ్గురు పాఠకుల ప్రశ్నలు కలిపి

తడిసిన గోనె, నానిన పాత పేపరు వాసన వస్తే కార్కు దోషం. ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం దానికి మూలం. లీటరులో గ్రాములో వందకోట్లవంతు మోతాదులు కొన్ని ఉన్నా ముక్కుకు తెలుస్తుంది. గాలి తగిలినకొద్దీ పెరిగేదే గానీ తగ్గదు, సీసా వదులుకోండి. కొన్నచోట బిల్లు చూపి అడగొచ్చు.

కుళ్లిన గుడ్డు, కాల్చిన అగ్గిపుల్ల వాసనైతే కంగారుపడొద్దు. పులిసేటప్పుడు, సీసాలో గాలి ఆడక పుట్టే గంధకపు వాసన అది. జగ్గులోకి వంచి అరగంట ఉంచితే చాలాసార్లు పోతుంది. పోకపోతే తోమిన రాగి తీగ ముక్కను కొద్ది వైన్‌లో వేసి పది సెకన్లు తిప్పి చూడండి. వాసన తగ్గితే దోషం గంధకానిదే. ఆ గ్లాసు పారబోయండి. ‘అయితే రాగి చెంబులోనే పోసేస్తాం’ అనొద్దు, వైన్ పులుపుకు రాగి కరుగుతుంది.

గాజుపొడి గాజు కాదు. చల్లబడినప్పుడు ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి కట్టే గింజలు. ప్రమాదం లేదు, చివరి రెండు గుటకలు సీసాలో వదిలేయండి.

గోళ్లరంగు తుడిచే ద్రావకం వాసన, వెనిగర్ ఘాటు వస్తే మాత్రం వంటకే. మే నెలంతా అటక మీదో కారు డిక్కీలోనో ఉన్న సీసా ఉడికిన రుచి వేస్తుంది, కార్కు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. దానికి మందు లేదు. ఇంట్లో ప్రత్యేక అల్మరా లేనివాళ్లు ఆరేడు నెలల లోపు తాగేదైతే ఫ్రిజ్ అడుగున కూరగాయల అరలో పడుకోబెట్టండి. తెరిచాక మిగిలింది చిన్న సీసాలోకి, మూతి దాకా నింపి ఫ్రిజ్‌లో పెడితే పినో రెండు మూడు రోజులు నిలుస్తుంది.

రెడ్ వైన్ గుండెకు మంచిదని డాక్టర్లే చెబుతారట కదా? – శ్రీకాళహస్తి

ఆ మాట పట్టుకుని మొదలుపెట్టొద్దు. ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తాగేవాళ్లు రుచి కోసం తక్కువ తాగండి. మందుగా వద్దు.

విమానం దిగి నేరుగా కొండకు పోవాల. సంచిలో వైన్ సీసా ఉంటే? – రేణిగుంట మీదుగా వచ్చే ఓ ప్రవాసి

తిరుమల మీద మద్యం నిషేధం, అలిపిరి దగ్గర సామాన్లు తనిఖీ చేస్తారు. సీసాను కింద బంధువుల ఇంట్లో, ఎండ తగలనిచోట దించి పొండి. కారులో వదిలితే పైన చెప్పిన ఉడుకు తప్పదు. విదేశం నుంచి వచ్చేవాళ్లకు సుంకం లేకుండా మొత్తం 2 లీటర్ల దాకా తెచ్చుకునే వీలుంది, అంటే రెండు సీసాలు హాయిగా.

హార్స్‌లీ హిల్స్ చల్లగా ఉంటుంది కదా, అక్కడ పినో పండించలేమా? – మదనపల్లె రైతు

దాదాపు 1,260 మీటర్ల ఎత్తున్న చోటు గనక ప్రశ్న సబబే. అయినా మా జవాబు ‘వద్దు’ అనే. పినోకు చిగురు నుంచి కోత దాకా సగటు వేడి 14 నుంచి 16 డిగ్రీలుండాలి. అంతకు మించితే తీపి ముందే ఎక్కి, వాసన కట్టక ముందే పులుపు పడిపోతుంది. మన దగ్గర తీగకు శీతనిద్ర ఉండదు. అందుకే నాసిక్ పద్ధతిలో ఏడాదికి రెండు కత్తిరింపులు: ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబరు–అక్టోబరుల్లో కాయ కోసం రెండోది. నాసిక్‌లో రెండో కత్తిరింపు తర్వాత పొడి చలికాలం వస్తుంది. మనకు సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనం. పూత మీద వాన, ఆకు మీద బూజు తెగులు. పినో గుత్తి పైన్ కాయలా బిగుతుగా ఉంటుంది, ఆ పేరే దానికి అలా వచ్చిందంటారు. మధ్యలో ఒక్క కాయ చీలినా గుత్తంతా కుళ్లుతుంది. కత్తిరింపు డిసెంబరుకు జరిపితే కాయ ఏప్రిల్ ఎండలో పండుతుంది. అదీ లాభం లేదు.

వైన్ ద్రాక్షే వేయాలనుకుంటే వేడికి తట్టుకునేవాటి వైపు చూడండి. తెలుగు దంపతులు ఉమ, కృష్ణప్రసాద్ చిగురుపాటి కర్ణాటకలో హంపి హిల్స్ దగ్గర పెట్టిన తోటల్లో కాబర్నే సావిన్యోన్, సిరా, సాంజోవేజే పండుతున్నాయి. సిరా అంటే షిరాజే. ముందు పది తీగలు వేసి రెండు పంటల పాటు కాయ చక్కెరను రిఫ్రాక్టోమీటరుతో కొలిచి రాసుకోండి. కోతనాటికి 22 నుంచి 24 బ్రిక్స్ (రసంలో చక్కెర పాలు చెప్పే కొలత) వచ్చి, పులుపు ఇంకా నోట్లో నీళ్లూరిస్తుంటే అప్పుడు ఎకరం సంగతి ఆలోచించవచ్చు.